మంచినీళ్ల చేపల ట్యాంకును ఉప్పునీళ్లకు మార్చాలి: గోపాల్‌పూర్ నీళ్లు, నౌపడ ఉప్పు పనికొస్తాయా?

కొమాపల్లి_ఏంజెల్

అందరికీ నమస్కారం. మాది బరంపురం. ఏడేళ్లుగా ఇంట్లో ఒక ట్యాంక్ ఉంది, మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. అందులో ఒక ఏంజెల్ చేపల జంట, డజను బ్లాక్ స్కర్ట్ టెట్రాలు, నాలుగు కోరీలు, కొన్ని మొక్కలు ఉన్నాయి. మొదటి రెండేళ్లు చాలా చేపల్ని పోగొట్టుకున్నాను, తర్వాత నెమ్మదిగా చేయి తిరిగింది, ఇప్పుడు ఏంజెల్స్ గుడ్లు పెడితే విడిగా తీసి పిల్లల్ని కూడా పెంచగలుగుతున్నాను. పోయిన సంక్రాంతికి విశాఖ వెళ్లినప్పుడు పాపని బీచ్ రోడ్డులో మత్స్యదర్శినికి తీసుకెళ్లాను. సముద్రపు చేపల గాజు ముందు నించుని తను కదల్లేదు, నేనూ కదల్లేదు. ఆ రంగులు మంచినీళ్లలో నాకెక్కడా కనిపించలేదు. అప్పట్నుంచి అదే ఆలోచన.

ఇప్పుడు నా అనుమానాలు. ఉన్న ట్యాంకులోనే నీళ్లు తీసేసి ఉప్పునీళ్లు పోస్తే సరిపోతుందా, ఏడేళ్ల నుంచి నడుస్తున్న స్పాంజి ఫిల్టర్ ఉంది కాబట్టి బ్యాక్టీరియా ఎటూ తయారుగానే ఉంటుంది కదా? గోపాల్‌పూర్ ఇక్కడికి పదిహేను కిలోమీటర్లు, ఆదివారం బండి మీద రెండు క్యాన్లు తెచ్చుకుంటే ఉప్పు కొనే పనే ఉండదు కదా? మా నాన్నగారు అదీ అక్కర్లేదంటారు, నౌపడ కల్లుప్పు ఒక బస్తా తెచ్చి బోరు నీళ్లలో కలుపు, సముద్రం అంటే అంతే కదా అని ఆయన మాట. ఇంకొకటి ఎండాకాలం. ట్యాంక్ ఉన్న గదిలో ఏసీ లేదు. అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి, తొందరేమీ లేదు, కానీ మొదలుపెడితే సరిగ్గా మొదలుపెట్టాలని ఉంది.

వాడవీధి

తమ్ముడూ, మాది గోపాల్‌పూరే. ఇక్కడ ఒరియావాళ్లు మమ్మల్ని నోళియాలంటారు, ఇంట్లో మాట్లాడేది తెలుగు, మా నాన్న, పెదనాన్నలు అందరూ తెప్ప మీద బతికినవాళ్లే. నేను ఉద్యోగంలో పడ్డాను గానీ పన్నెండేళ్లుగా ఉప్పునీళ్ల ట్యాంక్ నడుపుతున్నాను కాబట్టి నీళ్ల సంగతి వరకూ నేను చెప్తాను, మిగతాది పెద్దవాళ్లు చెప్తారు.

సముద్రం దగ్గర ఉందని సంతోషపడొద్దు. మన సముద్రం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. చేపలకి కావాల్సింది లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు, సాంద్రత కొలిచే మీటరులో అది 1.025 ప్రాంతంలో చూపిస్తుంది. నేను మార్చిలో తెచ్చిన నీళ్లు ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూస్తే 33 వస్తుంది, అదే చోట అక్టోబర్లో తెస్తే 23, 24. కారణం ఏంటంటే వానాకాలంలో గంగ, బ్రహ్మపుత్ర, మహానది ఇవన్నీ బంగాళాఖాతంలోకి కుమ్మరించే నీళ్లు వానలు వెనకబడ్డాక ఒడ్డు వెంబడే దక్షిణానికి దిగుతాయి, మన దగ్గర మళ్లీ ఋషికుల్య నది ఉండనే ఉంది. పైకి చూస్తే అదే సముద్రం, నోట్లో వేసుకుంటే ఉప్పగానే ఉంటుంది, కానీ నాలుక చెప్పేదాన్ని నమ్మి ట్యాంకులో పోస్తే రెండు రోజుల్లో తేడా తెలుస్తుంది.

రెండోది, ఎక్కడ ముంచుతున్నావన్నది. మోకాలి లోతులో నించుని క్యాన్ ముంచితే వచ్చేది ఇసుక, ఊళ్లోంచి వచ్చే కాలవ మురికి, పడవల నూనె. నేను తెప్పించుకునేది మా వాళ్ల పడవ అలల దాటి బాగా లోపలికి పోయాక, మోటారు లేని వైపు నుంచి, మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడు. ఆ డ్రమ్ములు నీళ్లకి తప్ప ఇంకెందుకూ వాడను, డీజిల్ వాసన ఒక్కసారి పట్టిందంటే ఆ డ్రమ్ము ఇక పనికిరాదు. తెచ్చాక మూత పెట్టి చీకట్లో రెండు వారాలు కదపకుండా ఉంచుతాను, లోపలున్న సూక్ష్మజీవులు చచ్చి అడుక్కి దిగుతాయి, పై నీళ్లు మాత్రం గొట్టంతో లాగి గుడ్డలో వడకట్టి, మళ్లీ కొలిచి, తక్కువైతే చేపల ట్యాంకుల కోసం ప్యాకెట్లలో అమ్మే ఉప్పు కలిపి సరిచేసుకుంటాను. ఇదంతా ఫిబ్రవరి నుంచి మే దాకానే. జూన్ నుంచి జనవరి దాకా నేనూ ప్యాకెట్ ఉప్పే వాడతాను. సముద్రం పక్కన పుట్టినవాడిని, నేనే ఇలా చేస్తున్నానంటే నువ్వు మొదటి ఏడాది అసలు ఆ జోలికి పోకు.

అడగలేదు గానీ ఇసుక సంగతి కూడా చెప్పేస్తాను, ఎందుకంటే అందరూ చేసే పని అదే. బీచ్ ఇసుక తేవద్దు. ఛత్రపురం దగ్గర మన ఇసుకలోంచే ఇల్మెనైట్, జిర్కాన్, మోనజైట్, గోమేదికపు రాయి వేరుచేసే పెద్ద కర్మాగారం ఎందుకుందో ఆలోచించు. మోనజైట్‌లో థోరియం ఉంటుంది, ఇల్మెనైట్‌లో ఇనుము ఉంటుంది. ఒక అయస్కాంతం గోనె దారంతో కట్టి ఆ ఇసుకలో ఈడ్చి చూడు, నల్లగా గడ్డం మొలిచినట్టు పట్టుకుంటుంది. ఆ రేణువులే ట్యాంకులో పంపు రోటర్‌కి అతుక్కుని దాన్ని అరగదీస్తాయి, గాజు తుడిచే అయస్కాంతానికి అతుక్కుని గాజు మీద గీతలు పెడతాయి. నా మొదటి ట్యాంకు ముందు గాజు అలాగే పాడైంది, ఇప్పటికీ దీపం పెడితే గీతలు కనిపిస్తాయి. అడుగున ఏమీ వేయకపోయినా నష్టం లేదు, శుభ్రం చేయడం సులువు కూడా.

కెమిస్ట్రీ_మేడమ్_పర్లాకిమిడి

నౌపడ ఉప్పు గురించి మీ నాన్నగారు అన్నది చాలామంది పెద్దవాళ్లు అనే మాటే, అందులో తప్పు ఎక్కడుందో ఒకసారి వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతా చాలా విషయాలు వాటంతట అవే అర్థమవుతాయి.

నౌపడలో గానీ, మన గంజాం జిల్లా హుమ్మాలో గానీ ఉప్పు మళ్లు చూసే ఉంటారు. సముద్రపు నీటిని ఒక మడి నుంచి ఇంకో మడికి పారిస్తూ ఎండబెడతారు. నీరు చిక్కబడే కొద్దీ ముందుగా సున్నం దిగిపోతుంది, తర్వాత జిప్సం దిగుతుంది, ఆ తర్వాతే మనం తినే సోడియం క్లోరైడ్ గడ్డకడుతుంది. అది ఏరుకున్నాక మళ్లో చేదుగా ఒక నీరు మిగులుతుంది, మెగ్నీషియం, పొటాషియం ఎక్కువగా అందులోనే ఉండిపోతాయి. అంటే ఉప్పు పండించడమంటేనే సముద్రంలోంచి ఒక్కదాన్ని విడదీసి మిగతావాటిని పారబోయడం. ఆ ఒక్కదాన్ని తిరిగి నీళ్లలో కలిపితే సముద్రం రాదండి, ఉప్పునీరు వస్తుంది. అసలు సముద్రపు నీటిలో లీటరుకి మెగ్నీషియం దాదాపు 1300 మిల్లీగ్రాములు, కాల్షియం 400 పైన, పొటాషియం 400 దాకా ఉంటాయి. పీహెచ్ 8.1 నుంచి 8.4 మధ్య నిలబడడానికి కావాల్సిన క్షారగుణం కూడా ఉండాలి. అక్వేరియం కోసమే చేసిన ఉప్పులో ఇవన్నీ లెక్క ప్రకారం ఉంటాయి, అందుకే దాని ధర వేరు. మీ ట్యాంకు కొలతలకి 190 లీటర్లు వస్తుంది, రాళ్లు పెట్టాక 160 అనుకోండి, మొదటిసారి ఆరు కిలోల ఉప్పు పడుతుంది, తర్వాత వారానికి పదో వంతు నీళ్లు మార్చినా అరకిలో పైచిలుకు. బస్తాలు అక్కర్లేదు.

ఇక బోరు నీళ్లు. ఆ అక్వేరియం ఉప్పు లెక్క అంతా ఏమీ కరిగిలేని శుద్ధమైన నీటిలో కలుపుతారని అనుకుని వేసిన లెక్క. మన బోరు నీళ్లలో ముందే గట్టిదనం, నైట్రేట్, సిలికేట్ ఉంటాయి, అవి పైన చేరితే మొదట గోధుమరంగు నాచు, తర్వాత పచ్చనాచు, గాజు తుడుచుకోవడమే మీ పని అవుతుంది. ఆర్‌వో నీళ్లు కావాలి, కుదిరితే ఆర్‌వో తర్వాత మిగిలిన లవణాల్ని పట్టేసే డీఐ రెసిన్ గుండా పంపిన నీళ్లు, నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు పెడితే సున్నా చూపించాలి. ఇక్కడ ఒక హెచ్చరిక. వంటింటి ఆర్‌వో నీళ్లు నేరుగా వాడకండి. రుచి కోసం అందులో టీడీఎస్ పెంచే నాబ్ ఉంటుంది, ఖనిజాల కాట్రిడ్జ్ ఉంటుంది. ఈ మధ్య రాగి కలిపే కాట్రిడ్జ్ కూడా ఉంటోంది. మనిషికి రాగి మంచిదే అనుకోండి, రొయ్యలకి, నత్తలకి అది విషం, చాలా కొంచెమున్నా చాలు. పొర దాటిన వెంటనే నీళ్లు పట్టుకునేలా ఒక గొట్టం బయటికి తీయించుకోండి.

రాగి మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను, ఈ ఏడేళ్లలో మీ ట్యాంకులో తెల్లమచ్చలకి రాగి ఉన్న మందులు ఎప్పుడైనా వాడారా? వాడి ఉంటే ఆ రాళ్లు, కంకర, పాత స్పాంజి దేన్నీ కొత్తదాంట్లోకి తేవద్దు. రాగి వాటిలోకి ఇంకి ఉండి తర్వాత నెమ్మదిగా బయటికి వస్తుంది.

మీ స్పాంజి సంగతి. అందులో బ్యాక్టీరియా నిజమే, కానీ అవి మంచినీళ్లకి అలవాటుపడినవి, ఒక్కసారిగా 35 గ్రాముల ఉప్పులో వేస్తే ఎక్కువ భాగం చచ్చిపోతాయి, చచ్చినవి కుళ్లి అమ్మోనియా ఇంకా పెరుగుతుంది. పైగా అమ్మోనియా ఉప్పునీళ్లలో మీకు అలవాటైన దానికన్నా ప్రమాదం. పీహెచ్ 7లో ఉన్న అమ్మోనియాలో విషరూపంలో ఉండేది నూటికి ఒక వంతు కూడా కాదు, 8.2లో అది ఏడెనిమిది వంతులు. మంచినీళ్లలో మీ చేపలు తట్టుకున్న అదే రీడింగ్ ఇక్కడ చంపేస్తుంది. కాబట్టి ట్యాంకు సైకిల్, అంటే అమ్మోనియాని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియాని పెంచడం, మొదటి నుంచి చేయాల్సిందే. రాళ్లు, ఉప్పునీళ్లు, పంపు పెట్టి, చేపలు లేకుండా, ఒక పచ్చి రొయ్య ముక్క వేసి వదిలేయండి. అమ్మోనియా పెరుగుతుంది, పడుతుంది, నైట్రైట్ పెరుగుతుంది, పడుతుంది, చివరికి నైట్రేట్ మాత్రం మిగులుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలు మామూలుగా పడుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయ్యేదాకా దుకాణం వైపు వెళ్లకండి, వెళ్తే కొంటారు.

బల్లార్షా_ఉప్పు

అన్నా, సముద్రం పదిహేను కిలోమీటర్లలో ఉన్న మీరు అడుగుతుంటే ముచ్చటేసింది, నేనుండేది చంద్రపూర్ జిల్లా బల్లార్షా, సముద్రం చూడాలంటే రాత్రంతా రైలెక్కాలి. అయినా నాలుగేళ్లుగా రెండడుగుల ఉప్పునీళ్ల ట్యాంక్ ఉంది. ఎండ సంగతి అడిగారు కాబట్టి రాస్తున్నా, మా దగ్గర మే నెలలో 46 దాటుతుంది. నీళ్లు మాత్రం 24 నుంచి 27 మధ్య ఉండాలి, 30 దాటి రోజుల తరబడి ఉంటే నష్టమే.

నేను నీళ్లు చల్లబరిచే చిల్లర్ కొనలేదు. నీటి ఉపరితలం మీదికి గాలి తగిలేలా రెండు చిన్న ఫ్యాన్లు పెట్టాను, మాది పొడి ఎండ కాబట్టి నీళ్లు ఆవిరై నాలుగు డిగ్రీలు దించేస్తాయి. మీది సముద్రపు గాలి, ఉక్క, మీ దగ్గర ఫ్యాన్లు అంత పని చేయవు, మహా అయితే ఒకటి రెండు డిగ్రీలు, కాబట్టి మీరు చిల్లర్ డబ్బు ముందే పక్కన పెట్టుకోండి, లేదా ట్యాంకుని ఏసీ గదిలోకి మార్చండి. పైన గాజు మూత తీసేసి వల వేయండి.

ఆవిరి గురించి ఒక్క మాట, మంచినీళ్ల నుంచి వచ్చినవాళ్లందరూ ఇక్కడే తప్పు చేస్తారు, నేనూ చేశాను. నీళ్లు ఆవిరైపోతాయి గానీ ఉప్పు ఎక్కడికీ పోదు. తగ్గినచోట ఉప్పునీళ్లు పోస్తే ఉప్పు పెరుగుతూ పోతుంది. తగ్గింది మామూలు ఆర్‌వో నీళ్లతోనే నింపాలి, ఉప్పునీళ్లు నెలకో వారానికో నీళ్లు మార్చేటప్పుడే. మే నెలలో నాది చిన్న ట్యాంకే అయినా రోజుకి మూడు లీటర్లు పోస్తాను, ఊరెళ్తే ఎవరో ఒకరు పోయాలి, అందుకే ఇప్పుడు ఫ్లోట్ పెట్టి ఆటోమేటిక్ చేసుకున్నాను. గాజు మీద టేపుతో గీత పెట్టుకోండి, పొద్దున్నే టీ తాగుతూ చూసుకుంటే చాలు.

కొమాపల్లి_ఏంజెల్

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. వాడవీధి అన్నా, అయస్కాంతం మాట చదివాక పాప ఆడుకోవడానికి తెచ్చిన బీచ్ ఇసుక సీసాలో ఫ్రిజ్ అయస్కాంతం పెట్టి చూశాను, మీరు చెప్పినట్టే నల్లగా పట్టుకుంది. మేడమ్, రాగి మందు వాడాను, రెండుసార్లు, నీలం రంగు మందు కూడా, సిలికాన్ ఇప్పటికీ నీలంగానే ఉంది. వంటింటి ఆర్‌వోలో రాగి కాట్రిడ్జ్ కూడా ఉంది. అంటే నా లెక్కలన్నీ తప్పే. అయితే ఈ ట్యాంకుని ఇలాగే ఉంచి కొత్తది కొనమంటారా? ఏంజెల్స్‌ని ఎవరికో ఇచ్చేయడం కూడా మనసుకి కష్టంగానే ఉంది.

ఛత్రపురం_పాతకాపు

కొత్తదే కొను బాబూ. ఏంజెల్స్‌ని ఉంచుకో. ఉప్పునీళ్ల ట్యాంకు మొదటి ఆరు నెలలూ నీకు చూడ్డానికి ఏమీ ఇవ్వదు, రాళ్లు, గోధుమరంగు నాచు తప్ప ఏమీ ఉండదు, ఆ టైములో చూసుకోవడానికి ఇంట్లో బతికున్న ట్యాంకు ఒకటి ఉంటేనే ఓపిక నిలుస్తుంది.

నేను రాయాలనుకున్నది మాత్రం కరెంటు గురించి. ఇక్కడ ఎవరూ దాన్ని ఎత్తలేదు. నాకు నాలుగడుగుల ఉప్పునీళ్ల ట్యాంక్ ఉండేది, 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఆ రాత్రి ఇంటి పైకప్పు రేకులు పోయాయి, మనుషులం బతికాం, అదే చాలనుకున్నాం. మా వీధికి కరెంటు పదకొండు రోజులకి వచ్చింది. ఇన్వర్టర్ మొదటి రాత్రికే అయిపోయింది. రెండో రోజు సాయంత్రం చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుచుకుని నీటి అంచున నించున్నాయి. నేను చెంబుతో నీళ్లు ముంచి పై నుంచి పోస్తూ కూర్చున్నాను, మా ఆవిడా నేనూ వంతులు వేసుకున్నాం, తెల్లవారుజామున ఇద్దరం నిద్రపోయాం. లేచి చూస్తే తొమ్మిదింటిలో రెండు మిగిలాయి, మధ్యాహ్నానికి అవీ లేవు. ఆరేళ్లు పెంచిన క్లౌన్ చేపల జంట కూడా పోయింది. పెద్దది ఆడది, చిన్నది మగది, పెద్దది చచ్చిపోతే చిన్నదే ఆడదిగా మారుతుంది ఆ జాతిలో, కానీ అక్కడ మారడానికి ఏదీ మిగల్లేదు.

ఎందుకంత త్వరగా పోయాయంటే, ఉప్పునీళ్లు పట్టే ప్రాణవాయువే తక్కువ. 26 డిగ్రీల దగ్గర మంచినీళ్లలో లీటరుకి 8 మిల్లీగ్రాములు కరిగితే ఉప్పునీళ్లలో 6.6 దాకానే కరుగుతుంది, ఐదో వంతు మొదటి నుంచే లేదు. దాని మీద వేడి పెరిగితే ఇంకా తగ్గుతుంది. నీ టెట్రాలు కరెంటు లేకుండా ఒక రోజు గడిపేస్తాయేమో, ఇవి గడపలేవు.

మళ్లీ పెట్టడానికి నాకు మూడేళ్లు పట్టింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ వచ్చి పలాస దగ్గర తీరం దాటినప్పుడు నా దగ్గర సెల్లుతో నడిచే గాలి పంపులు మూడు, ఒక బండి బ్యాటరీ, దానికి తగిలించే, ట్యాంకులో నీళ్లు కదిపే డీసీ వేవ్‌మేకర్ ఉన్నాయి. లైట్లు, మురికిని నురగగా తీసే స్కిమ్మర్, మిగతా పంపులు అన్నీ ఆపేసి ఆ ఒక్క వేవ్‌మేకర్, గాలి పంపులు మాత్రమే నడిపాను. మేత పూర్తిగా ఆపేశాను, చేపలు నాలుగైదు రోజులు మేత లేకుండా ఉంటాయి, కుళ్లిన మేతతో ఒక్క రోజు ఉండవు. ఒక్క చేప కూడా పోలేదు. కాబట్టి బాబూ, రంగుల లైటు కొనే ముందు ఇది కొను. మన జిల్లాలో అక్టోబర్ నెల గడిచాక, నవంబర్ చివర్లో ట్యాంకు మొదలుపెట్టు, నీకు మొదటి తుఫాను కాలం వచ్చేసరికి చేయి తిరిగి ఉంటుంది. చలికాలంలో గది నీళ్లు 20, 21కి పడతాయి కాబట్టి హీటర్ కూడా కావాలి, ఆ ఖర్చు రాసుకో.

ఇంకొకటి, నీళ్లు చింది ఆరితే పేరుకునే తెల్లటి ఉప్పు పొర. పంపు వైర్ల వెంబడి పాకి ప్లగ్ బోర్డు దాకా వెళ్తుంది. వైరు బోర్డులోకి ఎక్కే ముందు కిందికి వంపు తిరిగేలా వేలాడదీయి, అప్పుడు నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. షాక్ కొడితే పడిపోయే ఈఎల్‌సీబీ స్విచ్చు పెట్టించు, ఇంట్లో చిన్నపిల్ల ఉంది కదా. ఇనుప స్టాండ్ అయితే రెండు పూతలు పెయింట్ వేయించు.

చిలికగట్టు

ఇంత మంచి సలహాల మధ్య నేను కొంచెం వేరేగా చెప్తాను, కోప్పడొద్దు. దుకాణాల్లో కనిపించే సముద్రపు చేపల్లో చాలా వరకు పగడపు దిబ్బల మీద నుంచి పట్టి తెచ్చినవే, దారిలో ఎన్ని పోతాయో దుకాణంవాడు చెప్పడు. పట్టి తెచ్చినవి కాకుండా ట్యాంకులో పుట్టి పెరిగినవే కొనండి, క్లౌన్ చేపల్ని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవాళ్లు మన దేశంలోనే పిల్లలు పెట్టించే పద్ధతి తయారుచేశారు కూడా. సముద్రంలో అవి దాక్కునే ఎనిమోన్ అనే జీవి ట్యాంకులో వాటికి అక్కర్లేదు, అది లేకుండానే ఏళ్ల తరబడి బతుకుతాయి.

పగడాలు, లైవ్ రాక్ (సముద్రంలోంచి జీవులతో సహా తెచ్చిన రాయి) సంగతి మీరు అడగలేదు, కానీ దుకాణంలో తప్పకుండా చూపిస్తారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రాతిపగడాలన్నిటికీ, నల్ల పగడాలకి, సముద్రపు విసనకర్రలనే (సీ ఫ్యాన్) పగడాలకి రక్షణ ఉంది, 2001లో వాటిని ఆ చట్టం రక్షణ జాబితాలో చేర్చారు, సముద్ర గుర్రాలు కూడా అప్పుడే. దిబ్బ నుంచి పగలగొట్టి తెచ్చిన రాయి అంటే అదే పగడం. పింగాణీతోనో సిమెంటుతోనో చేసిన రాళ్లు దొరుకుతాయి, బ్యాక్టీరియాకి కావాల్సింది చిల్లులున్న రాయి మాత్రమే, అది ఎక్కడ పుట్టిందో దానికి పట్టింపు లేదు. మూడడుగుల ట్యాంకులో డజను చేపలు పెట్టిన అలవాటుతో లెక్కేయకండి, ఇక్కడ నాలుగైదు చిన్న చేపలు, రెండు రొయ్యలు, కొన్ని నత్తలు, అంతే. ఆ నీలం రంగు టాంగ్ చేప చూసి పాప అడుగుతుంది, అది అడుగు దాకా పెరుగుతుంది, మీ ట్యాంకు దానికి చాలదు.

కొత్త చేప ఏది తెచ్చినా నెల, నెలన్నర వేరే చిన్న ట్యాంకులో ఉంచాకే పెద్దదాంట్లో వేయండి. ఉప్పునీళ్లలో కూడా తెల్లమచ్చలు వస్తాయి, కానీ ఆ పరాన్నజీవి వేరు, మంచినీళ్ల తెల్లమచ్చలకి మనం వేసే చారెడు ఉప్పు దాన్నేం చేయదు, అది పుట్టి పెరిగేదే ఉప్పులో. ఒక్కసారి పెద్ద ట్యాంకులో చేరితే చేపలన్నీ తీసేసి రెండున్నర నెలలు ఖాళీగా ఉంచాలి.

నాకైతే మధ్యలో ఒక మెట్టు ఉందనిపిస్తుంది. చిలిక సరస్సు నీళ్లు పూర్తి ఉప్పూ కాదు, పూర్తి చప్పనా కాదు. పెర్ల్ స్పాట్, మచ్చల స్కాట్ లాంటి చేపలు ఆ నీళ్లవే. అలాంటి సగం ఉప్పు ట్యాంకు ఒక ఏడాది నడిపితే చేయి అలవాటవుతుంది. మీ ఇష్టం.

కెమిస్ట్రీ_మేడమ్_పర్లాకిమిడి

సగం ఉప్పు మెట్టు మీద నాకు వేరే అభిప్రాయం ఉంది. స్కాట్ పెద్దయ్యాక దానికి పూర్తి ఉప్పే కావాలి, మూడడుగులు దానికీ చాలదు. అలవాటు కోసమే అయితే ఇంకో సులువైన దారి ఉంది, మాలీ చేపలు. మంచినీళ్ల చేప ఒంట్లోకి నీరు దానంతట అదే చొరబడుతుంటుంది కాబట్టి అది నీళ్లు దాదాపు తాగదు, చొరబడ్డదాన్ని బయటికి పంపుతూ ఉంటుంది. సముద్రపు చేపకి తిరగబడుతుంది, ఒంట్లో నీరు బయటికి పోతుంటుంది కాబట్టి అది ఎప్పుడూ తాగుతూనే ఉండి ఉప్పుని మొప్పల ద్వారా తోసేస్తుంది. మీ ఏంజెల్స్, టెట్రాలు ఈ పని మార్చుకోలేవు, ఉప్పులో వేస్తే నీరు కోల్పోయి చస్తాయి. మాలీలు మార్చుకోగలవు. ఒక చిన్న ట్యాంకులో లీటరుకి రోజుకి ఐదు గ్రాముల చొప్పున ఉప్పు పెంచుకుంటూ పోతే వారంలో 35కి చేరతాయి, మామూలుగా ఈదుతాయి, నాచు కూడా తింటాయి. ఖరీదైన చేప తెచ్చే ముందు ఆరు నెలలు మాలీలతో నడపండి.

స్కిమ్మర్ గురించి కూడా ఎవరూ వివరంగా రాయలేదు. వానాకాలంలో గోపాల్‌పూర్ ఒడ్డున అలల వెంట పసుప్పచ్చ నురగ పేరుకోవడం చూసే ఉంటారు, స్కిమ్మర్ చేసేది అదే, సన్నటి గాలి బుడగలకి మురికి అంటుకుని నురగగా కప్పులోకి ఎక్కుతుంది, కుళ్లకముందే బయటికి పోతుంది. మంచినీళ్లలో నురగ నిలవదు కాబట్టి మీకు కొత్తగా అనిపిస్తుంది. తప్పకుండా పెట్టుకోండి. రిఫ్రాక్టోమీటర్‌ని మాత్రం మామూలు నీళ్లతో సరిచూసుకుని ఊరుకోకండి, 35 అని రాసి ఉన్న ద్రావణం సీసా ఒకటి కొని దానితో నెలకోసారి సరిచూడండి.

కొమాపల్లి_ఏంజెల్

చాలా రోజుల తర్వాత రాస్తున్నాను, క్షమించండి. ఛత్రపురం బాబాయ్ చెప్పినట్టే నవంబర్ ఆఖరి వారంలో మొదలుపెట్టాను. అదే కొలతలతో కొత్త ట్యాంక్, పాతది హాల్లో అలాగే ఉంది. అడుగున ఏమీ లేదు, పింగాణీ రాళ్లు, స్కిమ్మర్, ఒక డీసీ వేవ్‌మేకర్, 200 వాట్ల హీటర్. గాలి పంపులు రెండు, బ్యాటరీ ముందే కొన్నాను. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఈఎల్‌సీబీ పెట్టించాను. డబ్బు అయిపోయింది కాబట్టి చిల్లర్ ఏప్రిల్ లోపు చూడాలి, కుదరకపోతే ట్యాంకుని మా పడకగదికి మార్చి ఏసీ పెట్టించడమే, ఇంట్లో ఒప్పుకున్నారు.

మా బోరు నీళ్ల టీడీఎస్ 540 వచ్చింది. వంటింటి ఆర్‌వో తర్వాత 70, మెకానిక్ పొర దాటిన చోట నుంచి గొట్టం తీసిచ్చాక 18, డీఐ తర్వాత సున్నా. మా నాన్నగారికి మేడమ్ రాసింది చదివి వినిపించాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు, తర్వాత చిన్నప్పుడు నౌపడ మళ్ల దగ్గర ఆ చేదునీళ్లు కాళ్లకి తగిలితే పగుళ్లు మండేవని గుర్తుచేసుకున్నారు. ఇప్పుడు పొద్దున్నే టేపు గీత చూసి ఆర్‌వో నీళ్లు పోసేది ఆయనే.

రొయ్య ముక్క వేశాక నాలుగో రోజుకి అమ్మోనియా ఎక్కింది, పంతొమ్మిదో రోజుకి పడింది. నైట్రైట్ మాత్రం చాలా రోజులు దిగలేదు, రోజూ టెస్ట్ కిట్‌లో ఆ ఊదారంగు చూసి టెన్షన్ పడ్డాను, నలభై నాలుగో రోజున సున్నా వచ్చింది, మర్నాడు మళ్లీ చూశాను, సున్నానే. ఇవాళ యాభై రెండో రోజు. పక్కన చిన్న ట్యాంకులో నాలుగు నల్ల మాలీలున్నాయి, ఉప్పు రోజుకి ఐదు గ్రాముల చొప్పున ఎక్కించాను, ఇప్పుడు 35లో ఉన్నాయి, మేత తింటున్నాయి. నెలన్నర అక్కడే ఉంచి తర్వాత పెద్దదాంట్లో వేస్తాను.

ఒక్క అనుమానం మిగిలింది. రాళ్ల మీద గోధుమరంగు పొర దట్టంగా వచ్చింది, నీళ్లు సున్నావే కదా, సిలికేట్ ఎక్కడి నుంచి వస్తోంది?

వాడవీధి

కొత్త రాళ్లలోంచే కొంత వస్తుంది తమ్ముడూ, అది అయిపోయేదాకా ఉంటుంది. నాకు రెండు నెలలు ఉండి పోయింది. బ్రష్‌తో రుద్ది నీళ్లు మార్చేటప్పుడు గొట్టంతో లాగెయ్యి, మందులేవీ వెయ్యకు. మాలీలు దింపాక అవే సగం తినేస్తాయి. డీఐ రెసిన్ రంగు మారిందేమో కూడా ఒకసారి చూసుకో, అయిపోయే ముందు సిలికేట్‌నే అది మొదట వదిలేస్తుంది, మీటరు ఇంకా సున్నానే చూపిస్తుంటుంది. మార్చిలో మా పడవ నీళ్లు ఒక క్యాన్ ఇస్తాను, వచ్చి పట్టుకెళ్లు, నీ ట్యాంకు నీళ్ల పక్కన పెట్టి రెండూ కొలిచి చూడు.